గట్లు లేని ఊరు

నాన్న పోయాక ఆయన ట్రంకుపెట్టె తెరిస్తే, అందులో సగానికి సగం కాగితాలు తొమ్మిది సెంట్ల గురించే. పంపకాల దస్తావేజు, అడంగల్ నకళ్ళు, వకీలు నోటీసులు, వాయిదా తేదీలు రాసుకున్న క్యాలెండరు ముక్కలు. మధ్యలో ఎక్కడో నా పెళ్ళి శుభలేఖ, అమ్మ రేషను కార్డు. మిగతాదంతా ఆ తొమ్మిది సెంట్లే. పల్నాడులో నల్లరేగడి, పక్కపక్కన రెండు పొడుగాటి చెక్కలు, చెరి రెండెకరాలు. ఒకటి నాన్నది, రెండోది బాబాయిది. మధ్యన గట్టు. ఆ గట్టు ఏ ఏడు ఎటు జరిగిందో ఎవరికీ సరిగ్గా తెలీదు కానీ, పదహారేళ్ళుగా రెండిళ్ళ మధ్య మాటల్లేవు. నా పెళ్ళికి బాబాయి రాలేదు. బాబాయి మనవరాలి ఓణీల ఫంక్షనుకి అమ్మని పిలవలేదు. నాన్న పోయినప్పుడు మాత్రం వచ్చాడట. లోపలికి రాకుండా వీధిలోనే నిలబడి, పాడె లేచాక అందరి వెనకా నడిచి వెళ్ళిపోయాడట. నేను అప్పటికింకా విమానంలోనే ఉన్నాను.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను రాయబోయేది ఇంగ్లండులో ఒక చిన్న పల్లె గురించి. ఆ పల్లెకి మళ్ళీ మళ్ళీ వెళ్ళడానికీ, దాని గురించి దొరికిందల్లా చదవడానికీ కారణం చరిత్ర మీద ప్రేమేమీ కాదు. ఈ తొమ్మిది సెంట్లే.

*

ఊరి పేరు లాక్స్‌టన్. నాటింగ్‌హామ్‌లో మేముండే ఇంటికి ఉత్తరంగా, కారులో గంట లోపు. మొదటిసారి వెళ్ళింది పొరపాటున. పిల్లలకి షేర్వుడ్ అడవిలో రాబిన్‌హుడ్ పేరు చెప్పుకునే పెద్ద ఓక్ చెట్టు చూపించి తిరిగొస్తుంటే, మా ఆయన దగ్గరదారి అంటూ ఏదో సందులోకి తిప్పాడు.

ఇక్కడి పల్లెల్లో తిరిగినవాళ్ళకి తెలుసు, ఎటు చూసినా కంచెలే. ముళ్ళచెట్లని గోడలా పెంచి, ఏటా కత్తిరించి, ప్రతి పొలం చుట్టూ కట్టిన పచ్చటి ప్రహరీలు. ఇంగ్లండు అనగానే క్యాలెండర్లలో కనిపించే గళ్ళ దుప్పటి లాంటి బొమ్మ ఆ కంచెల వల్లే. లాక్స్‌టన్ దాటగానే రోడ్డు పక్కన కంచె మాయమైపోయింది. కనుచూపుమేర వాలుగా ఒకటే పొలం. దుప్పటి గళ్ళది కాదు, చారలది. పొడుగ్గా, సన్నగా, ఒకదాని పక్కన ఒకటి. ఒక చారకీ ఇంకో చారకీ రంగులో ఒక పిసరు తేడా. మధ్యన గట్టు లేదు, తీగ లేదు, రాయి లేదు.

ఇంకోటి కూడా చూశాను. మామూలుగా ఈ దేశంలో రైతు ఇల్లు పొలం మధ్యలో ఒంటరిగా ఉంటుంది. ఇక్కడ మాత్రం రైతుల ఇళ్ళన్నీ వీధి వెంట వరసగా ఉన్నాయి. ఎర్ర ఇటుక గోడలు, పెంకుటి కప్పులు, పక్కనే కొట్టాలు. చాలా ఇళ్ళు వీధికి మొహం పెట్టకుండా పక్కవాటుగా తిరిగి ఉన్నాయి. పొద్దున్నే లేచి ఊరి నుంచి పొలానికి వెళ్ళి, సాయంత్రం మళ్ళీ ఊళ్ళోకి రావాలన్నమాట. "ఇదేంటి, మీ ఊరిలా ఉంది" అన్నాడు మా ఆయన. ఎగతాళికే అన్నాడు కానీ, నిజంగానే ఉంది.

ఊరికి పడమటన షేర్వుడ్ ఇసక నేల. పంటకి పనికిరాదు కనక అడవిగా మిగిలింది, రాజులకి వేట అడవి అయింది. తూర్పున కొంతదూరం పోతే ట్రెంట్ నది. ఈ రెంటికీ మధ్యన బరువైన ఎర్రటి బంకమట్టి మీద లాక్స్‌టన్ కూర్చుంది. వాన పడితే నీళ్ళు ఇంకవు, బూటుకి అంటితే వదలవు. మా రేగడికి రంగు మారిన తోబుట్టువు. 1086లో రాజు రాయించిన డూమ్స్‌డే లెక్కల పుస్తకంలోనే ఊరి పేరుంది. అంతకుముందు టోచి అనే ఆసామిది, నార్మన్లు వచ్చాక జెఫ్రీ అల్సెలిన్ చేతికి పోయింది. ఊరికి ఉత్తరాన ఆ నార్మన్ల కాలపు మట్టికోట దిబ్బ ఉంది. షేర్వుడ్ అడవికి కావలి అధికారం చేసినవాళ్ళు అక్కడుండేవాళ్ళు. ఇప్పుడది గడ్డి దిబ్బ. ఎక్కి చూస్తే ఊరూ, చర్చి గోపురం, చారల పొలాలూ కనిపిస్తాయి. చర్చి సెయింట్ మైకేల్‌ది. లోపల ఎవరింగ్‌హామ్ కుటుంబం వాళ్ళ సమాధి బొమ్మలున్నాయి. అందులో ఒకటి ఓక్ కర్రతో చెక్కిన స్త్రీ బొమ్మ. ఏడువందల ఏళ్ళుగా పడుకునే ఉంది.

*

లాక్స్‌టన్‌కి మూడు పెద్ద పొలాలు: పడమటి పొలం, మిల్లు పొలం, దక్షిణపు పొలం. మూడూ కలిపి ఐదువందల ఎకరాలకి కాస్త తక్కువ. ఒక ఏడు ఒకదాంట్లో శీతాకాలపు గోధుమ, రెండోదాంట్లో వసంతంలో వేసే పంట, మూడోది బీడు. మరుసటేడు ఒక్కో అడుగు ముందుకి. ఆ బీడు ఏడాదిలోనే నేల తేరుకునేది, పశువులు మేసి ఎరువు వేసేవి. ఇప్పుడు బీడుకి బదులు పశువుల మేత పెంచుతున్నారు కానీ వరస మాత్రం అదే. ప్రతి రైతుకీ మూడు పొలాల్లోనూ చెక్కలుంటాయి, అవీ ఒకేచోట కాదు, అక్కడో చెక్క ఇక్కడో చెక్క. మంచి నేలా చెడ్డ నేలా, మెట్టా పల్లం అందరికీ అందాలని. ఒకప్పుడు ఉత్తర ఐరోపాలో, ఇంగ్లండు నడిమి ప్రాంతంలో వేల ఊళ్ళు ఇలాగే బతికాయి. ఇంగ్లండులో మూడు పొలాల వరస, దాన్ని నడిపించే ఊరి కోర్టుతో సహా ఇంకా ఉన్నది లాక్స్‌టన్ ఒక్కటే.

చెక్కలు అంత పొడుగ్గా ఎందుకు? నాగలి వల్ల. బంకమట్టిని తిరగెయ్యాలంటే బరువైన నాగలి కావాలి, దానికి ఎనిమిది ఎద్దులదాకా కట్టాలి. అంత పెద్ద బారుని మలుపు తిప్పడం అంటే మాటలా! అందుకని తిప్పకుండా ఎంతదూరం పోగలవో అంతదూరం దున్నేవాళ్ళు. ఎద్దులు ఆగి ఊపిరి తీసుకునేదాకా సాగిన ఆ సాలు పొడుగుకే ఫర్లాంగు అని పేరు. సాలు పొడవు అనే ఆ మాటకి అర్థం. 220 గజాలు.

ఇది చదివినప్పుడు కాసేపు పుస్తకం మూసేశాను. ఫర్లాంగు! మా ఊరి రోడ్డు మీద మైలురాళ్ళ మధ్యన ఉండే ఫర్లాంగు రాళ్ళ మీద కూర్చుని బస్సు కోసం ఎదురుచూసిన పిల్లని నేను. అదొక ఎద్దుల ఆయాసం అని ఎవరూ చెప్పలేదు.

తర్వాత ఎకరం. ఒక బారు ఎద్దులు ఒక రోజులో దున్నగలిగే చెక్క. పొడవు 220 గజాలు, వెడల్పు 22 గజాలు. హెచ్చవేసి చూడండి, 4840. అందులో నూరో వంతు 48.4. సెంటు అంటే 48.4 గజాలని స్థలాలు కొన్న తెలుగువాళ్ళెవరైనా నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఆ పాయింట్ నాలుగు ఎక్కడిదో నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది. ఆ వెడల్పు 22 గజాలే సర్వేయరు గొలుసు. 1620లో ఎడ్మండ్ గంటర్ అనే లెక్కల పండితుడు దాన్ని నూరు లింకుల గొలుసుగా చేశాడు. ఫర్లాంగుకి పది గొలుసులు, ఎకరానికి పది చదరపు గొలుసులు. ఆ గొలుసే ఓడలెక్కి మన దేశం వచ్చింది, మద్రాసు ప్రెసిడెన్సీ పొలాలన్నిటి మీదా పడింది. నాన్న పెట్టెలో ఉన్న పాత కొలత పుస్తకం నకలులో అంకెలన్నీ లింకుల్లోనే ఉన్నాయి.

నాన్న చెక్క పొడవు కూడా ఫర్లాంగే. రెండు గజాల వెడల్పున ఫర్లాంగు పొడవు తీసుకుంటే 440 చదరపు గజాలు. అంటే తొమ్మిది సెంట్లు, ఆ పైన ఏదో చిల్లర. పదహారేళ్ళ కేసు మొత్తం కలిపి రెండు గజాల వెడల్పన్నమాట. ఒక మంచం పట్టేంత.

*

లాక్స్‌టన్‌కి ఒక గొప్ప పటం ఉంది. 1635లో మార్క్ పియర్స్ అనే సర్వేయరు గీశాడు. అసలుది ఆక్స్‌ఫర్డ్‌లో బోడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. నేను చూసింది నకలు. ఊళ్ళో ప్రతి ఇల్లూ, మూడు పొలాల్లో ప్రతి చెక్కా అందులో ఉన్నాయి. ఏ చెక్క ఎవరిదో, ఎన్ని ఎకరాలో రాసిన జాబితా దానికి తోడు. ఖాళీ ఉన్నచోటల్లా చిన్న చిన్న బొమ్మలు: నాగలి దున్నేవాళ్ళు, కోత కోసేవాళ్ళు, పశువులు, వేటగాళ్ళు. చూస్తే ముద్దొస్తుంది.

గీయించింది ఎవరో చూస్తే అంత ముద్దు రాదు. సర్ విలియం కోర్టెన్. లండన్ వర్తకుడు. కరీబియన్‌లో బార్బడోస్ దీవి మీద మొదటి ఇంగ్లీషు వలసకి డబ్బు పెట్టినవాడు. తన చేతికొచ్చిన ఊళ్ళో ఏముంది, ఎంత వస్తుంది అని తెలుసుకోడానికి గీయించిన పటం అది. అదే 1635లో ఆయన బృందం చార్లెస్ రాజు దగ్గర ఇంకో కాగితం కూడా సంపాదించింది: ఈస్టిండియా కంపెనీకి పోటీగా మన దేశంతో వ్యాపారం చేసుకునే అనుమతి. వాళ్ళ ఓడలు గోవా, కార్వార్ వైపు వెళ్ళాయి. అప్పటికే ఇటు మచిలీపట్నంలో కంపెనీ కొట్టు పెట్టి పాతికేళ్ళు కావస్తోంది. ఒక చేత్తో లాక్స్‌టన్ చెక్కలు లెక్కపెట్టుకుంటూ ఇంకో చేత్తో మన తీరం వైపు చూసిన మనిషి ఆయన. మరుసటేడే పోయాడు. కొద్దికాలానికి ఊరు పియర్‌పాంట్ వంశం వాళ్ళ చేతికెళ్ళింది.

అప్పుడనిపించింది, పటం ఎప్పుడూ పొలానికి దూరంగా ఉన్నవాడికే కావాలేమో అని. కోర్టెన్‌కి కావాలి. రైత్వారీ శిస్తు వసూలు చేసుకున్న కలెక్టరుకి కావాలి. నాటింగ్‌హామ్‌లో కూర్చున్న నాకు కావాలి. పొద్దున్నే వెళ్ళి దున్నుకునేవాడికి కావలసింది వేరే.

ఆ తర్వాత రెండువందల ఏళ్ళలో ఇంగ్లండు పొలాల రూపమే మారిపోయింది. ఊరుమ్మడి పద్ధతి తీసేసి, చెక్కలన్నీ కలిపేసి, ఎవరి వాటా వాళ్ళకి ఒకేచోట కొలిచిచ్చి కంచె వేసుకోమనడం. పార్లమెంటు లెక్కల ప్రకారం 1604 నుంచి 1914 వరకు ఇందుకోసం 5,200 పైచిలుకు చట్టాలు చేశారు. 68 లక్షల ఎకరాలు, ఇంగ్లండు నేలలో దాదాపు అయిదో వంతు. నేను ముచ్చటపడ్డ గళ్ళ దుప్పటి చాలావరకు అలా కుట్టిందే. భూమి ఉన్నవాడికి దిగుబడి పెరిగింది. ఉమ్మడి బీట్లో ఒక ఆవుని మేపుకుని, పుల్లలేరుకుని బతికినవాడికి ఊళ్ళో పని లేకుండా పోయింది.

మరి లాక్స్‌టన్ ఎలా మిగిలింది? ఊరివాళ్ళు ఎదురు తిరిగి కాపాడుకున్నారనే కథ ఉంటుందని ఆశగా వెతికాను. లేదు. ఊళ్ళో రెండు పెద్ద జమీలుండేవి. కంచెలు వేయాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి, ఖర్చు పంచుకోవాలి. ఆ పొత్తు కుదరలేదు. కొంత నేలకి కంచెలు పడ్డాయి, మూడు పొలాలు మిగిలిపోయాయి. ఈలోగా వ్యవసాయం గిట్టుబాటు కాని రోజులొచ్చి, ఎవరూ డబ్బు పెట్టలేదు. పెద్దవాళ్ళ అనైక్యత వల్ల బతికిన ఊరన్నమాట. ఇప్పటికీ చాలామంది రైతులు కౌలుదార్లే. 1952లో పియర్‌పాంట్ వంశపు ఎర్ల్ మాన్వర్స్ నుంచి వ్యవసాయ మంత్రిత్వశాఖ ఊరిని కొంది. 1981లో క్రౌన్ ఎస్టేటుకి వెళ్ళింది. 2020లో తిరిగి పాత వంశం వాళ్ళ థోర్స్‌బీ ఎస్టేటు కొనుక్కుంది. యజమానులు మారారు. పొలాల వరస మారలేదు.

*

వరస తప్పకుండా చూసేది కోర్ట్ లీట్. మధ్యయుగాల నాటి ఊరి కోర్టు. ఇలాంటివి ఒకప్పుడు దేశమంతటా ఉండేవి. కొన్నిచోట్ల ఇప్పటికీ పండగలా వేషం వేసుకుని కూర్చుంటారు కానీ అధికారం లేదు. 1977లో చట్టం చేసి పాత కోర్టుల అధికారాలన్నీ తీసేసినప్పుడు, లాక్స్‌టన్ కోర్టుకి మాత్రం మినహాయింపు ఇచ్చారు. పొలాల విషయంలో దానిమాట ఇప్పటికీ చెల్లుతుంది.

ఏటా నవంబరు చివర్లో ఒక గురువారం జ్యూరీ పొలానికి వెళ్తుంది. ఆ ఏడు గోధుమ వేసిన పొలానికి. వెళ్ళేది ఎవరో కాదు, అక్కడ దున్నుకునే రైతులే. నాన్న పోయిన మరుసటేడు నేను సెలవు పెట్టి వెళ్ళి, వెనక నడుస్తానని అడిగితే సరే అన్నారు. చలి, సన్న తుంపర. జ్యూరీవాళ్ళు ట్రాక్టరు ట్రైలర్లో ఎక్కి కూర్చున్నారు. గొనెసంచీలో చెక్క మేకులు, ఒక పెద్ద సుత్తి. మా ఊళ్ళో పత్తి తీతకి కూలీలు పోయినట్టే ఉంది, అందరూ అరవై దాటిన తెల్ల మగాళ్ళు కావడం తప్పిస్తే.

చెక్క చెక్కకీ ఆగారు. ఇద్దరు రైతుల చెక్కలు కలిసేచోట ఒకరు నిలబడి కన్ను చికిలించి సాలు వెంట అవతలి చివరకి చూస్తారు. ఇంకొకరు అవతల నిలబడి చెయ్యి ఊపుతారు. "ఇటు, ఇంకొంచెం ఇటు, ఆగు." అక్కడో మేకు. ఎవరి నాగలైనా పక్క చెక్కలోకి, బండ్ల డొంకలోకి, పచ్చిక బయల్లోకి పోయిందా అని చూస్తారు. పోతే పేరు రాసుకుంటారు. పచ్చిక అంటే దున్నడానికి వీలుకాక పొలాల మధ్య వదిలేసిన పల్లపు గడ్డి నేలలు, సైక్స్ అంటారు. తరాలుగా నాగలి తగలని నేల కనక అరుదైన పూలమొక్కలు అక్కడ మిగిలాయి. ఆ గడ్డిని ఏటా వేలం వేస్తారు.

పేరు రాసుకున్నవాళ్ళ సంగతి మరుసటి వారం తేలుతుంది. ఊళ్ళో డవ్‌కోట్ అనే పబ్బులో కోర్టు కూర్చుంటుంది. జరిమానా కొద్ది పౌండ్లే. అదే రోజు మరుసటేటి జ్యూరీ చేత ప్రమాణం చేయిస్తారు. ఇవాళ నా సాలు చూసినవాడి సాలు రేపు నేను చూస్తాను.

నడుస్తుండగా ఒక పెద్దాయన నా పక్కకి వచ్చి ఎక్కడినుంచి వచ్చావని అడిగాడు. చెప్పాను. మీ నాన్నకి పొలముందా అన్నాడు. రెండెకరాలన్నాను. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. ఏం వేస్తారన్నాడు. పత్తి, కంది, మిరప అన్నాను. తొమ్మిది సెంట్ల సంగతి కూడా చెప్పేశాను. ఎందుకు చెప్పానో తెలీదు. సెంటంటే ఏమిటో వివరించాల్సి వచ్చింది.

"పోయినేడు నాకే పడింది జరిమానా" అన్నాడాయన. "కావాలని చేశానా అంటే, లేదు. చేయలేదా అంటే, చేశాను. ట్రాక్టరు సీటు మీద నుంచి చూస్తే ఎవరికైనా తన వైపే తక్కువ కనిపిస్తుంది."

"మరి మీ పక్కాయనతో గొడవ కాలేదా?"

"ఎందుకవుతుంది? పట్టుకున్నది అతను కాదుగా. పన్నెండు మంది. పైగా మధ్యాహ్నం అందరం ఒకేచోట తింటాం."

అంత సులువేం కాదని నాకూ తెలుసు. ఆ ఊళ్ళో మనసులో పెట్టుకున్నవాళ్ళు లేరని కాదు. అందరూ కౌలుదార్లయితే పోట్లాడుకోడానికి సొంతదంటూ ఏముంటుంది అని కూడా అనుకున్నాను. పైగా రైతుల లెక్క ఏటేటా తగ్గుతోంది. పిల్లలు రావడం లేదని ఆయనే అన్నాడు. అయినా ఒక సంగతి మాత్రం నన్ను పట్టుకుంది. వాళ్ళకి గట్టు లేదు, రాయి లేదు, 1635 నాటి పటం ఆక్స్‌ఫర్డ్‌లో ఉంది. వాళ్ళకున్నదల్లా ఏడాదికోసారి నడక. తప్పు ఒక్క సాలంత ఉన్నప్పుడే, పగ కాకముందే, పదిమంది ముందు బయటపడుతుంది. మాకు రాయి ఉంది, పటం ఉంది, పట్టాదారు పాసుపుస్తకం ఉంది. కలిసి నడవడం ఒక్కటే లేదు.

ఊళ్ళో బందెలదొడ్డి కూడా ఉంది. పరాయి చేలో పడ్డ పశువుని కట్టేసే దొడ్డి. మా ఊళ్ళో బందెలదొడ్డి 1871 నాటి బ్రిటిషు చట్టం పుణ్యమా అని వచ్చిందే. ఫర్లాంగు, ఎకరం, గొలుసు, బందెలదొడ్డి, అన్నీ ఇక్కడినుంచి అక్కడికి పంపారు. గురువారం నడక మాత్రం పంపలేదు. మాకలాంటిదొకటి ముందే ఉండేదేమో, కొలతలు వచ్చాక దాని అవసరం తీరిపోయిందేమో.

*

ఆ జనవరిలో బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. పదహారేళ్ళలో మొదటిసారి. "అక్కా, ఊళ్ళో రీసర్వే. డ్రోను తిప్పారు. హద్దులు చూపించడానికి రెండు పార్టీలూ రావాలంట." రెండు పార్టీలు అన్నాడు, ఆ మాట దగ్గర కాస్త తడబడ్డాడు.

వెళ్ళాను. సర్వేయరు వచ్చే ముందురోజు పొద్దున వాడికి ఫోన్ చేసి, "ఒకసారి మనం నడుద్దాంరా" అన్నాను.

"ఎవరెవరం?"

"నువ్వు, నేను, బాబాయి. అటుపక్క ఇటుపక్క పొలాలవాళ్ళని కూడా పిలువు. మేకులూ సుత్తీ తీసుకురా."

వాడు ఏమనుకున్నాడో కానీ వచ్చాడు. పక్క పొలాల నుంచి నలుగురు వచ్చారు. బాబాయి చేతికర్రతో వచ్చి, డొంక పక్కన వేపచెట్టు కింద కూర్చున్నాడు. నన్ను చూసి, "చిక్కిపోయావే అమ్మాయ్" అన్నాడు. అంతే. మేము గట్టు వెంట ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాం, హద్దురాయి కోసం కంపచెట్లు తప్పించి చూస్తూ. నాన్న కోర్టులో వేసిన అర్జీలో స్పష్టంగా ఉంది: ప్రతివాది దురుద్దేశంతో హద్దురాయి తొలగించినాడు. నేను ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో.

తిరిగొచ్చేసరికి బాబాయి అడిగాడు. "రాయి కోసమా?"

"అవును బాబాయ్."

"అది లేదు. మేమే పీకేశాం, నేనూ మీ నాయనా. మొదటిసారి ట్రాక్టరు పెట్టించిన ఏడు. మలుపు తిరిగేటప్పుడు చక్రానికి అడ్డం వస్తందని. మనకెందుకురా రాయి, మనమేమన్నా పరాయోళ్ళమా అన్నాడు మీ నాయన."

"మరి కోర్టులో నువ్వే తీశావని..."

"నేనూ అట్టాగే రాయించా. మీ నాయనే పీకాడని." కర్రతో మట్టి గీస్తూ కూర్చున్నాడు. "ఇద్దరం కలిసి పీకామని రాస్తే ఇంక కేసేముంటది."

ఎవరూ ఏమీ అనలేదు. పక్క పొలం పెద్దాయన లేచి, "సరే, నేనీడ నిలబడతా, మీలో ఒకరు ఆ చివరకి పోండి" అన్నాడు. నేనే వెళ్ళాను. ఫర్లాంగు దూరం. రేగడి చెప్పులకి అంటుకుని కాళ్ళు బరువెక్కాయి. ఆ చివరనుంచి వాళ్ళు చిన్నగా కనిపించారు. పెద్దాయన చెయ్యి ఊపాడు. ఇటు, ఇంకొంచెం ఇటు, ఆగు. బాబాయి కొడుకు మేకు కొట్టాడు. అలా మొత్తం ఆరు మేకులు. ఆ వరస ప్రకారం నాన్న చెక్కకి తొమ్మిది సెంట్లేం రావు. నాలుగో ఐదో వస్తాయి. ఇద్దరూ కాస్త కాస్త జరిపినట్టున్నారు. లేదా గట్టే తనంతట తను పెరిగిందేమో, గట్లకి ఆ అలవాటుంది.

మర్నాడు సర్వేయరు వచ్చి కొలుచుకుని వెళ్ళాడు. కాగితం ఇంకా రాలేదు. కేసు వెనక్కి తీసుకోవాలంటే వాయిదా రావాలి, అది జూన్‌లో. "ఏటా నడవాలంటే ఎట్టా అక్కా, నువ్వుండేది ఆడాయె" అన్నాడు బాబాయి కొడుకు. పక్క పొలం పెద్దాయన అందుకుని, "మేము లేమా? మీదొకటే ఏంది, మా గట్లు కూడా చూడాల మరి" అన్నాడు. చూస్తారో లేదో నాకు తెలీదు. మేకులు చెక్కవి, రెండు వానలకి పుచ్చిపోతాయి. లాక్స్‌టన్‌లోనూ చెక్కవే.

ఆ మధ్యాహ్నం అమ్మ అందరికీ వంట చేసింది. పొలంవాళ్ళు నలుగురూ తిన్నారు, బాబాయి కొడుకూ తిన్నాడు. బాబాయి మాత్రం లోపలికి రాలేదు. అరుగు మీద కూర్చుని, అమ్మ ఇచ్చిన మంచినీళ్ళు తాగి, గ్లాసు పక్కన పెట్టి, వెళ్ళొస్తానొదినా అని చెప్పి వెళ్ళాడు.